కెమెరా కొనే ముందు కెమెరా నేర్చుకోండి: సెలవు రోజున మొదలుపెట్టగల ప్రొఫెషనల్ వీడియో పాఠం

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం, విన్నా లెక్కలు మళ్లీ ఒకసారి చూసుకోవాలనుకునేవాళ్ల కోసం ముఖ్యమైన విషయాలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి వచ్చి షార్జాలో ఏసీ మెయింటెనెన్స్ చేస్తున్న తమ్ముడు పంపాడు. కాంట్రాక్ట్ ఇంకో పద్నాలుగు నెలల్లో అయిపోతుంది. మళ్లీ రెన్యూవల్ చేసుకోకుండా ఇంటికెళ్లి కెమెరా లైన్‌లో దిగాలని ఉంది. ఓటీ డబ్బులు కొంత కొంత దాచి రెండు లక్షలు చేశాడు. అడిగింది ఒకటే మాట: "అన్నా, ఏ కెమెరా కొనాలె?"

మా జవాబు: ఇప్పుడే ఏదీ కొనొద్దు తమ్ముడూ. ఆ రెండు లక్షలు అట్లనే ఉండనీ. ఈ పద్నాలుగు నెలల్లో ఫిల్మ్ స్కూల్ స్టూడెంట్ మొదటి సంవత్సరం నేర్చుకునే పాఠంలో చాలా భాగం నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే నేర్చుకోవచ్చు. ఎట్లనో కింద చూద్దాం.

ప్రొఫెషనల్ కెమెరా అంటే ఏంటి?

ఫోన్‌తో వీడియో తీస్తే వెలుతురు, రంగు, ఫోకస్ అన్నీ ఫోనే చూసుకుంటుంది. మనం ఎర్ర బటన్ నొక్కుతాం, అంతే. ప్రొఫెషనల్ కెమెరాలో ఆ నిర్ణయాలన్నీ మనిషి తీసుకోవాలి. బొమ్మ క్వాలిటీ కూడా బాగుంటుంది, నిజమే. కానీ కొత్తవాళ్లకు చెమటలు పట్టించేది ఆ బటన్ల గుంపు.

సినిమా సెట్ మీద ఎక్కువగా వినపడే పేరు ఆరి అలెక్సా. టీవీ షోలు, డాక్యుమెంటరీలు, పెళ్లిళ్లలో సోనీ ఎఫ్ఎక్స్ సిరీస్ బాగా కనిపిస్తుంది. తక్కువ బడ్జెట్‌లో బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ కెమెరాలు ఉన్నాయి. మెనూలు వేరువేరుగా ఉన్నా లోపలి లెక్క అన్నిటికీ ఒకటే. ఆ లెక్క వచ్చినవాడు కొత్త కెమెరా చేతికిస్తే గంటలో అలవాటు పడతాడు. రానివాడికి ఎంత ఖరీదైన కెమెరా ఇచ్చినా ఆటోలో పెట్టి తీస్తాడు.

వెలుతురు లెక్క: స్టాప్

కెమెరా పనిలో మొదట నేర్చుకోవాల్సిన మాట 'స్టాప్'. వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు. మనకు కిలో, మీటర్ ఎట్లనో కెమెరామెన్‌కు స్టాప్ అట్ల. వెలుతురును మార్చే తాళాలు నాలుగు.

మొదటిది ఎపర్చర్, అంటే లెన్స్ లోపల తెరుచుకుని మూసుకునే రంధ్రం. దాని అంకెలు 2.8, 4, 5.6, 8, 11, 16 ఇట్ల ఉంటాయి. ఒక్కో మెట్టు ఒక్కో స్టాప్. అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. చిన్న అంకెలో వెనక ఉన్నవి మసకబారి మనిషి ఒక్కడే స్పష్టంగా కనిపిస్తాడు. పెద్ద అంకెలో ముందూ వెనకా అన్నీ స్పష్టంగా ఉంటాయి.

రెండోది షట్టర్. ఒక్కో ఫ్రేమ్‌కు ఎంతసేపు వెలుతురు పడాలో ఇది చెబుతుంది. వీడియోలో దీన్ని ఇష్టం వచ్చినట్టు మార్చరు. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ సెకనులో 50వ వంతు పెడతారు. దీన్నే 180 డిగ్రీల షట్టర్ అంటారు. కదలిక మన కంటికి అలవాటైన సినిమాలా కనిపించేది ఈ సెట్టింగ్‌లోనే. షట్టర్ మరీ వేగంగా పెడితే నడిచే మనిషి కూడా అదురుతున్నట్టు కనిపిస్తాడు.

మూడోది ఐఎస్ఓ. సెన్సార్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది ఇది. ఎక్కువ పెంచితే చీకట్లో చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది. ప్రతి ప్రొఫెషనల్ కెమెరాకూ అది బాగా పనిచేసే ఒకటో రెండో బేస్ ఐఎస్ఓలు ఉంటాయి. ఉదాహరణకు సోనీ ఎఫ్ఎక్స్6కు లాగ్‌లో 800, 12800 అని రెండున్నాయి.

నాలుగోది ఎన్‌డీ ఫిల్టర్. కెమెరాకు పెట్టే చలువ కళ్లద్దాలు అనుకోండి. రంగు మార్చకుండా వెలుతురు మాత్రమే తగ్గిస్తుంది. ఫోన్‌కు ఇది ఉండదు, అందుకే చాలామందికి దీని అవసరం తెలియదు.

ఇప్పుడు మన దగ్గరి ఎండతో ఒక లెక్క చేద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండలో పాత ఫొటోగ్రాఫర్ల సూత్రం ఒకటుంది: ఎపర్చర్ 16 పెట్టి, ఐఎస్ఓ ఎంతో షట్టర్ కూడా అన్నో వంతు పెట్టాలి. ఐఎస్ఓ 800 అయితే షట్టర్ 800వ వంతు కావాలి. కానీ మనం వీడియో కోసం 50వ వంతు దగ్గర ఆగాం. 800 నుంచి 400, 200, 100, 50. నాలుగు స్టాపులు ఎక్కువ వెలుతురు వచ్చేసింది. పైగా వెనక మసకగా ఉండాలని ఎపర్చర్ 16 నుంచి 5.6కు తెరిచాం. 11, 8, 5.6. ఇంకో మూడు స్టాపులు. మొత్తం ఏడు స్టాపులు ఎక్కువ. బొమ్మ తెల్లకాగితం లాగా వస్తుంది.

ఏడు స్టాపులు తగ్గించాలంటే వెలుతురును 128వ వంతుకు తేవాలి. ఎఫ్ఎక్స్6లో ఉన్న ఎన్‌డీ సరిగ్గా అక్కడిదాకా, 128వ వంతు వరకు వెళ్తుంది. ఎపర్చర్ ఇంకా 4కు తెరవాలంటే దాని ఎన్‌డీ కూడా సరిపోదు. నీడకు పోవాలి, లేదా పొద్దు వాలేదాకా ఆగాలి. ఈ లెక్క కాగితం మీద నాలుగుసార్లు చేసినవాడికి ఎక్స్‌పోజర్ సగం వచ్చినట్టే.

మీ రూమ్‌లో ట్యూబ్‌లైట్ ఎందుకు వణుకుతుంది?

ఎలక్ట్రీషియన్ అన్నలకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇండియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లో కరెంట్ 50 హెర్ట్జ్. సౌదీలో మాత్రం 60 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీలు ఆ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు సార్లు వెలిగి తగ్గుతుంటాయి. 50 దగ్గర సెకనుకు 100 సార్లు, 60 దగ్గర 120 సార్లు. కంటికి తెలియదు. షట్టర్ దానితో కలవకపోతే వీడియోలో మాత్రం చారలు పాకుతాయి, లైట్ వణుకుతుంది.

అందుకే 50 హెర్ట్జ్ దేశంలో షట్టర్ 50వ వంతు లేదా 100వ వంతు. సౌదీలో 60వ వంతు లేదా 120వ వంతు. 25 ఫ్రేముల్లో 60వ వంతు అంటే 150 డిగ్రీల షట్టర్, బొమ్మకేం నష్టం లేదు. దమ్మామ్‌లో ఉన్నవాళ్లు దుబాయ్‌లోని ఫ్రెండ్ చెప్పిన సెట్టింగ్ కాపీ కొడితే చారలు వచ్చేది ఇందుకే. కొన్ని ఎల్ఈడీలు వేరే లెక్కలో మిణుకుతాయి. ఏ లైట్ అయినా ముందు పది సెకన్లు తీసి, పెద్ద స్క్రీన్ మీద చూసుకుని అప్పుడు పని మొదలుపెట్టాలి.

రంగు: కెల్విన్, లాగ్

ఎండ వెలుతురు సుమారు 5600 కెల్విన్. పాత పసుపు బల్బు సినిమా లైట్ 3200. అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు, నారింజ వైపు పోతుంది. మన కన్ను దాన్ని సర్దుకుంటుంది, కెమెరాకు మనం చెప్పాలి. తెల్లకాగితం లైట్ కింద పట్టుకుని వైట్ బ్యాలెన్స్ సెట్ చేయడం మొదటిరోజు పాఠం. ఆటోలో వదిలేస్తే మనిషి కిటికీ దగ్గరకు రాగానే మొహం రంగు మారిపోతుంది. ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడానికి ప్రాణం పోతుంది.

లాగ్ అంటే ఒక రికార్డింగ్ పద్ధతి. బాగా వెలుగున్న చోట, బాగా చీకటున్న చోట వివరాలు పోకుండా సర్ది దాస్తుంది. అందుకే లాగ్ వీడియో చూడడానికి బూడిద రంగులో, ప్రాణం లేనట్టు ఉంటుంది. తర్వాత కలర్ గ్రేడింగ్‌లో అందులోంచి అసలు రంగు తీస్తారు. కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే, అందరూ లాగ్ అంటున్నారు కదా అని లాగ్‌లో తీసి, గ్రేడింగ్ రాక అట్లనే ఇచ్చేయడం. గ్రేడింగ్ నేర్చుకునేదాకా మామూలు ప్రొఫైల్‌లోనే తీయండి.

వెలుతురు సరిపోయిందో లేదో స్క్రీన్ చూసి నమ్మొద్దు. ఎండలో స్క్రీన్ చీకటిగా, చీకట్లో స్క్రీన్ వెలుగ్గా కనిపించి మోసం చేస్తుంది. జీబ్రా చారలు, హిస్టోగ్రామ్, వేవ్‌ఫామ్ చూసి చెప్పడం అలవాటు చేసుకోండి. ఏసీ గ్యాస్ ఎంతుందో పైపు ముట్టుకుని చెప్పరు కదా, గేజ్ పెట్టే చూస్తారు. ఇదీ అంతే.

ఫోకస్ పుల్లర్ ఉద్యోగం

సినిమా సెట్ మీద కెమెరా దగ్గర ఉండేది ఒక్క మనిషి కాదు. డీఓపీ వెలుతురు, ఫ్రేమ్ నిర్ణయిస్తారు. ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్లు. ఫోకస్ పుల్లర్ పని ఆర్టిస్ట్ నడుస్తుంటే ఫోకస్ తప్పకుండా లెన్స్ రింగ్ తిప్పడం. కెమెరా బాడీ మీద సెన్సార్ ఉన్న చోట ఒక గుర్తు ఉంటుంది: సున్నా మధ్యలోంచి గీత గీసినట్టు. అక్కడి నుంచి ఆర్టిస్ట్ కంటి దాకా టేపుతో కొలిచి, నేల మీద మార్కులు పెట్టి, రింగ్ మీద ఆ దూరాలు రాసుకుంటారు. చూపుతో దూరం చెప్పగలిగే నైపుణ్యం రోజూ కొలిస్తేనే వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. టేపు తీసుకుని క్యాంప్‌లో మంచాల మధ్య, మెస్‌లో బల్లల మధ్య దూరం ముందు అంచనా చెప్పండి, తర్వాత కొలవండి. సైట్ మీద పనిచేసేవాళ్లకు ఈ కన్ను ఇప్పటికే సగం ఉంటుంది.

కార్డు పోతే పెళ్లి పోయినట్టే

ఎఫ్ఎక్స్6లో మంచి క్వాలిటీ 4కే, సెకనుకు 25 ఫ్రేములు తీస్తే సెకనుకు 250 మెగాబిట్లు రాస్తుంది. ఎనిమిదితో భాగిస్తే సుమారు 31 మెగాబైట్లు. గంటకు 112 గిగాబైట్ల పైమాటే. అంటే 128 జీబీ కార్డు గంటకు కాస్త ఎక్కువ వస్తుంది. మూడు రోజుల పెళ్లికి ఎంత స్టోరేజ్ కావాలో మీరే లెక్కేసుకోండి.

ఈ డేటా కాపీ చేసి కాపాడడం ఒక ప్రత్యేకమైన ఉద్యోగం. నియమాలు కొన్నే. రెండు వేరువేరు డ్రైవ్‌లలోకి కాపీ చేయాలి. కాపీ సరిగ్గా వచ్చిందో ఫైళ్లు తెరిచి చూడాలి. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. నిండిన కార్డు, ఖాళీ కార్డు ఒకే జేబులో పెట్టకూడదు. తలంబ్రాలు రెండోసారి పోయించలేం. ఫ్రేమ్ కొంచెం అటూఇటూ అయితే పెళ్లివాళ్లు సర్దుకుంటారు, ఫుటేజ్ పోతే మాత్రం జన్మలో మర్చిపోరు.

మీకు ఇప్పటికే వచ్చిన పని

ఎపిసోడ్‌లో మేం ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. కెమెరా లైన్ అంటే కెమెరా ఒక్కటే అనుకుంటారు. సెట్ మీద లైటింగ్ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఏ లైట్ ఎన్ని వాట్లు, జనరేటర్ ఎంత లోడ్ మోస్తుంది, ఏ కేబుల్ వేడెక్కుతుంది, ఎర్తింగ్ ఉందా లేదా, ఇవి చూసే మనిషి కావాలి. అది ఎలక్ట్రీషియన్ పనే. ట్రాక్ అండ్ ట్రాలీ వేసేవాడు పట్టాలు లెవెల్ పెట్టి చూస్తాడు. స్పిరిట్ లెవెల్ పట్టిన చేతికి అది కొత్త కాదు. క్రేన్, జిమ్మీ జిబ్ బిగించడం, ఎత్తులో లైట్లు కట్టడం రిగ్గర్, స్కాఫోల్డింగ్ పనికి దగ్గర. హార్నెస్ వేసుకోకుండా ఎత్తుకెక్కొద్దని మీకు ఇక్కడ రోజూ టూల్‌బాక్స్ టాక్‌లో చెబుతారు. ఆ అలవాటు సెట్ మీద ప్రాణాలు కాపాడుతుంది.

కాబట్టి షార్జా తమ్ముడూ, నువ్వు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. కరెంట్ తెలిసిన కెమెరా అసిస్టెంట్‌కు ఎక్కడైనా విలువ ఉంటుంది.

ఇక్కడ తీసేటప్పుడు జాగ్రత్త

ప్రాక్టీస్ చేద్దామని కెమెరా పట్టుకుని వీధిలోకి పోయే ముందు ఇది చదవండి. యూఏఈలో అనుమతి లేకుండా ఇంకొకరి ఫొటో, వీడియో తీసి వాళ్ల ప్రైవసీకి భంగం కలిగిస్తే 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద కనీసం ఆరు నెలల జైలు, లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా ఉన్నాయి. రెండింటిలో ఏదైనా పడొచ్చు. గల్ఫ్‌లో ఎక్కడున్నా ఎయిర్‌పోర్టులు, మిలిటరీ చోట్లు, ప్యాలెస్‌లు, ఆయిల్ ప్లాంట్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కుటుంబాలు ఉన్న వైపు కెమెరా తిప్పొద్దు. కంపెనీ సైట్‌లో లిఖితపూర్వక పర్మిషన్ లేకుండా తీయొద్దు. డ్రోన్ జోలికి అసలే పోవద్దు.

రెండోది డబ్బు. మీ వీసా మీ కంపెనీ మీద ఉంది. బయట ఈవెంట్ తీసి డబ్బు తీసుకుంటే అది వేరే ఉద్యోగం కిందే లెక్క. యూఏఈలో పార్ట్‌టైమ్ వర్క్ పర్మిట్ అని కార్మిక శాఖ ఇస్తుంది, అది తీసుకుని చేయడం ఒక పద్ధతి. "రెండు గంటల షూటే కదా, ఎవరికి తెలుస్తుంది" అని చెప్పేవాళ్ల మాట వినకండి. పట్టుబడితే డిపోర్ట్ అయ్యేది మీరు, వాళ్లు కాదు. రూమ్‌లో, ఒప్పుకున్న ఫ్రెండ్స్‌తో ప్రాక్టీస్ చేసుకుంటే చాలు.

ఇంటికెళ్లాక దారులు

డిగ్రీ ఉన్నవాళ్లకు పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ సినిమాటోగ్రఫీ కోర్సులు ఉన్నాయి. ఎంట్రన్స్ రాయాలి, సీట్లు తక్కువ. బాహుబలికి కెమెరా చేసిన సెంథిల్ కుమార్ ఎఫ్‌టీఐఐలో చదువుకున్నవారే. ఎఫ్‌టీఐఐ చిన్న కోర్సులు కూడా నడుపుతుంది. ఇంటర్ చదివినవాళ్లకు హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది, దానికీ ఎంట్రన్స్ ఉంటుంది. ప్రైవేట్ ఫిల్మ్ స్కూళ్లలో చేరే ముందు ఫీజు ఒక్కటే అడగొద్దు. ఎంతమందికి ఒక కెమెరా, వారంలో ఎన్ని గంటలు చేతికిస్తారు, పాత స్టూడెంట్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. వాళ్లతో ఫోన్‌లో మాట్లాడకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

చదువు లేనివాళ్లకూ దారి ఉంది. హైదరాబాద్‌లో కెమెరా, లైట్లు అద్దెకిచ్చే యూనిట్లు ఉన్నాయి. కెమెరా అద్దెకు పోతే దానితోపాటు అటెండెంట్ కూడా పోతాడు. పెట్టెలు మోయడం, లెన్సులు తుడవడం, బ్యాటరీలు ఛార్జ్ పెట్టడం అతని పని. జీతం మొదట్లో గల్ఫ్‌తో పోల్చుకునేలా ఉండదు. కానీ పది రకాల కెమెరాలు చేతిలోంచి పోతాయి, పదిమంది కెమెరామెన్‌లు పేరు పెట్టి పిలుస్తారు. పెద్ద సినిమాల్లో చేయాలంటే యూనియన్ కార్డ్ గొడవ ఉంటుంది. దాని ఖర్చు, నియమాలు నేరుగా యూనియన్ ఆఫీసులోనే అడగండి, మధ్యవర్తికి డబ్బులివ్వొద్దు.

ఇక మన జిల్లాల్లో పెళ్లి షూటింగ్. పని ఉంది, పోటీ కూడా ఉంది. సీజన్ లేని నెలల్లో ఖాళీ. అందుకే ఇంటి ఖర్చులకు ఆరు నెలల డబ్బు పక్కన పెట్టుకున్నాకే దిగాలి. ఆ రెండు లక్షలు ముట్టుకోవద్దని చెప్పింది అందుకే. ఎఫ్ఎక్స్6 బాడీ ఒక్కటే 2020లో వచ్చినప్పుడు ఆరు వేల డాలర్లు. లెన్సులు, కార్డులు, బ్యాటరీలు వేరే. అప్పు చేసి కొన్న కెమెరాకు ఈఎంఐ ప్రతి నెలా వస్తుంది, పెళ్లి ప్రతి నెలా రాదు. షూట్ ఉన్న రోజు అద్దెకు తెచ్చుకోండి. ఒకే రకం కెమెరా నెలకు చాలాసార్లు అద్దెకు తేవాల్సి వస్తే అప్పుడు కొనే ఆలోచన చేయండి.

ఇక్కడి నుంచి కొనుక్కుని పోయేవాళ్లకు రెండు మాటలు. బిల్లు దగ్గర పెట్టుకోండి, డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన విలువకు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కట్టాలి, రెడ్ ఛానెల్‌లో చెప్పుకోవడమే మంచిది. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేస్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్-అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే తీసుకుపోనివ్వరు. బ్యాటరీ మీద అంకె లేకపోతే ఓల్టులను ఆంపియర్-అవర్‌తో గుణించండి: 14.8 ఓల్టులు, 6.6 అయితే దాదాపు 98.

సెలవు రోజుకు ఒక పాఠం

ఫోన్‌లో బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి, ఫ్రీ. ఐఫోన్‌కూ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉంది. షట్టర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ చేత్తో మార్చుకోవచ్చు, జీబ్రా కూడా చూపిస్తుంది. ఎపర్చర్ మాత్రం చాలా ఫోన్లలో మారదు. ఎడిటింగ్, గ్రేడింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, రూమ్‌లో ఒకరి ల్యాప్‌టాప్ ఉంటే నలుగురు నేర్చుకోవచ్చు.

మొదటి సెలవు: అన్నీ మాన్యువల్‌లో పెట్టి, కిటికీ దగ్గర కూర్చున్న ఫ్రెండ్ మొహం తీయండి. తర్వాత కిటికీ అతని వెనక ఉండేలా తీయండి. తేడా పుస్తకంలో రాయండి.

రెండోది: ట్యూబ్‌లైట్ కింద షట్టర్ మార్చుతూ చారలు ఎక్కడ వస్తున్నాయో చూడండి.

మూడోది: ఒకటే చోట వైట్ బ్యాలెన్స్ 3200, 4300, 5600 పెట్టి మూడు షాట్లు.

నాలుగోది: వంట చేసే మనిషిని ఐదు షాట్లలో చూపండి. దూరం నుంచి ఒకటి, నడుము పైకి ఒకటి, చేతులు, మంట, మొహం. ఒక్కో షాట్ పది సెకన్లు కదలకుండా పట్టుకోవాలి.

ఐదోది: వాటిని కలిపి నిమిషం వీడియో చేసి, ఇంట్లో అమ్మకు పంపండి. చెప్పకుండానే ఆమెకు అర్థమైతే మీ షాట్లు పనిచేసినట్టే.

ఈ ఐదూ మూడు సార్లు తిరగేసి చేయండి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఇది మీ పనే. తగ్గిపోతే ఆ సంగతి రెండు లక్షలు పోకముందే తెలిసింది, సంతోషమే.

వచ్చే ఎపిసోడ్‌లో సౌండ్ గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే బొమ్మ బాగుండి మాట వినపడని వీడియో ఎవరూ చూడరు. మీ నాలుగో పాఠం, ఆ వంట వీడియో, తీసిన మనిషి ఒప్పుకుంటేనే మా వాట్సాప్‌కు పంపండి. చూసి, ఎక్కడ మార్చాలో ఒక్కొక్కరికీ చెబుతాం. అందాకా ఆరోగ్యం జాగ్రత్త, ఎండలో నీళ్లు తాగడం మర్చిపోకండి.